నూనె రాస్తే తగ్గే తలనొప్పి, వాసనకే పెరిగే తలనొప్పి

ముప్పై నాలుగేళ్ల పాఠకురాలు ఒకరు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం చెబుతాను.

ఆమెది అకౌంట్స్ ఉద్యోగం, రోజంతా స్క్రీన్ ముందే కూర్చోవాలి. రెండేళ్లుగా తలనొప్పితో బాధపడుతున్నారు. సాయంత్రం నాలుగు దాటేసరికి మెడ వెనక మొదలై, తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు పట్టేస్తుందట. చిరాకుగా ఉన్నా ఆ నొప్పితోనే ఇంటికొచ్చి పనులు చేసుకోగలుగుతారు. నెలలో మూడు నాలుగు సార్లు మాత్రం వేరే రకం వస్తుంది. ముందు ఓ ఇరవై నిమిషాలు కళ్ల ముందు మెరిసే వంకర గీతలు కనిపిస్తాయి. తర్వాత కుడి కణత దగ్గర నాడి కొట్టుకున్నట్టు నొప్పి మొదలవుతుంది. వెలుతురు చూడలేరు, చప్పుడు భరించలేరు, వాంతి వచ్చినట్టు ఉంటుంది. ఆ రోజు తలుపులు వేసుకుని పడుకోవడమే.

భర్తకు అక్క ఒకావిడ ఉన్నారు. అరోమాథెరపీలో, అంటే వాసన నూనెలతో చేసే చికిత్సలో శిక్షణ తీసుకుని, ఎసెన్షియల్ ఆయిల్స్ (మొక్కల నుంచి తీసే గాఢమైన వాసన నూనెలు) అమ్ముతుంటారు. మరదలి అవస్థ చూసి పెప్పర్‌మింట్, లావెండర్, యూకలిప్టస్ సీసాలు, తలనొప్పికని నూనెలు కలిపిన ఒక రోల్-ఆన్ (మూతి దగ్గర బంతితో ఒంటికి రాసుకునే చిన్న సీసా), నూనె వాసనను గదంతా వ్యాపింపజేసే ఒక డిఫ్యూజర్ తెచ్చిచ్చారు. పెప్పర్‌మింట్ కణతలకు రాయాలి, రాత్రి పడకగదిలో లావెండర్ పెట్టుకోవాలి, అప్పటికీ తగ్గకపోతే గ్లాసు నీళ్లలో రెండు చుక్కల పెప్పర్‌మింట్ వేసుకుని తాగాలి. ఇదీ ఆవిడ చెప్పిన పద్ధతి. పెప్పర్‌మింట్ రాసుకుంటే సాయంత్రం నొప్పి నిజంగానే తగ్గుతోందని మన పాఠకురాలు రాశారు. కానీ ఆ ఒకవైపు నొప్పి వచ్చిన రోజు లావెండర్ పెడితే పది నిమిషాల్లో వాంతి అయింది. పైగా వాళ్ల బాబుకు నాలుగేళ్లు, అప్పుడప్పుడు పిల్లికూతలు వస్తుంటాయి. డిఫ్యూజర్ పెట్టినప్పటి నుంచి రాత్రిళ్లు దగ్గు ఎక్కువైందేమోనని ఆమెకు అనుమానం. గట్టిగా చెప్పలేకపోతున్నారు.

ఇంట్లో చూస్తే రెండు పక్షాలు. భర్త "ఇదంతా వ్యాపారం, ఓ మాత్ర వేసుకుంటే పోయేదానికి ఎందుకీ తతంగం" అంటారు. వదిన "మాత్రలు ఒంటికి విషం, ప్రకృతి ఇచ్చింది వాడుకో" అంటారు. మధ్యలో ఈవిడ. నూనెలు పని చేస్తాయా, తాగొచ్చా, బాబు దగ్గర వాడొచ్చా, వదిన మనసు నొప్పించకుండా వద్దని ఎలా చెప్పాలి అన్నవి ప్రశ్నలు. ఉత్తరం చివర మరో వాక్యం ఉంది: "మాత్ర అంటారా, అది ఎలాగూ రోజు విడిచి రోజు వేసుకుంటున్నదే, కొత్తేం కాదు. కెఫీన్ కలిసినది, త్వరగా పని చేస్తుంది."

ఇక నా సమాధానం.

ముందుగా ఒక మాట. మీరు అడిగిన నాలుగు ప్రశ్నల కంటే, అడక్కుండా దాటేసిన ఆ చివరి వాక్యమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. దాని దగ్గరకు వస్తాను. ఈలోపు మీ తలనొప్పిని విడదీసి చూడాలి, ఎందుకంటే మీకున్నది ఒక తలనొప్పి కాదు.

సాయంత్రం రెండు వైపులా బిగబట్టినట్టు వచ్చేదీ, నడిచినా పని చేసినా పెరగనిదీ టెన్షన్ తలనొప్పి లక్షణాలతో సరిపోతోంది. టెన్షన్ అంటే మనసులో దిగులు ఉండే తీరాలని కాదు. గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చోవడం, మెడ, దవడ కండరాలు బిగుసుకోవడం, నిద్ర చాలకపోవడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. కంటి ముందు గీతలతో మొదలై ఒకవైపు కొట్టుకునేది మాత్రం మైగ్రేన్‌లా కనిపిస్తోంది. మన పెద్దవాళ్లు పార్శ్వపు నొప్పి అనేది దాన్నే. ముందు వచ్చే ఆ మెరుపు గీతలను డాక్టర్లు ఆరా అంటారు. అది సాధారణంగా ఐదు నిమిషాల నుంచి గంట లోపు ఉండి పోతుంది. ఉత్తరం చూసి రోగనిర్ణయం చేయడం సరికాదు, అది మీ డాక్టర్ చేయాల్సిన పని. అయినా మీరు రాసిన వివరాలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, ఇదే కాగితం ఆయన ముందు పెడితే సగం పని అయిపోతుంది.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లో జరుగుతున్న వాదనంతా ఈ రెండింటినీ కలిపేయడం వల్లే. వదినగారు ఒక నొప్పి చూసి మాట్లాడుతున్నారు, మీ ఆయన ఇంకో నొప్పి చూసి మాట్లాడుతున్నారు. నూనెలు ఒకదానికి కొంత పనికొచ్చాయి, రెండోదాన్ని పెంచాయి. మీ అనుభవంలో వైరుధ్యం ఏమీ లేదు.

పెప్పర్‌మింట్ సంగతి చూద్దాం. మీకు తగ్గడం భ్రమేమో అని మీ ఆయన అంటే, అంత తేలిగ్గా కొట్టిపారేయొద్దని చెప్పండి. 1996లో జర్మనీలో ఒక అధ్యయనం ప్రచురించారు. టెన్షన్ తలనొప్పి ఉన్న 41 మందికి, ఆల్కహాల్‌లో కలిపిన 10 శాతం పెప్పర్‌మింట్ నూనెను నుదుటికి, కణతలకు పావుగంటకోసారి రాసి, 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌తో పోల్చి చూశారు. రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జర్మనీలో ఆ 10 శాతం ద్రావణాన్ని టెన్షన్ తలనొప్పికి మందుగానే అనుమతించారు. చిన్న అధ్యయనమే, అదీ కాక పెప్పర్‌మింట్ వాసన దాచడం ఎవరి తరమూ కాదు కాబట్టి తమకు ఏది రాశారో రోగులకు కొంతైనా తెలిసిపోయి ఉంటుంది. అయినా గాలి కబురైతే కాదు.

పని చేసే తీరు కూడా అర్థమయ్యేదే. పెప్పర్‌మింట్‌లో ముఖ్యమైనది మెంథాల్. చర్మం కింద చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసల్లో టీఆర్‌పీఎం8 అనే గ్రాహకం ఉంటుంది. నిజంగా చల్లబడకపోయినా మెంథాల్ తగలగానే అది తెరుచుకుని, చల్లగా ఉందని మెదడుకు కబురు పంపిస్తుంది. ఆ చల్లదనపు కబురు వెళ్తుంటే నొప్పి కబురు కాస్త వెనక్కి తగ్గుతుంది. ఈ గ్రాహకాన్ని మెంథాల్ సాయంతోనే 2002లో కనిపెట్టిన ఇద్దరు శాస్త్రవేత్తలు, డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటాపూటియన్. స్పర్శ, ఉష్ణోగ్రత మనకు ఎలా తెలుస్తాయో తేల్చినందుకు 2021లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. దీన్ని బట్టి ఇంకో సంగతి కూడా తెలుస్తోంది: పెప్పర్‌మింట్ నొప్పిని మరిపిస్తుంది గానీ, నొప్పి ఎందుకొస్తోందో దాని జోలికి పోదు. కుర్చీ, స్క్రీన్ ఎత్తు, నిద్ర అలాగే ఉంటే మర్నాడు నాలుగింటికి మళ్లీ అదే కథ.

కాబట్టి సాయంత్రం తలనొప్పికి పెప్పర్‌మింట్ వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. వాడే పద్ధతి మాత్రం మార్చుకోండి. సీసాలోని నూనెను నేరుగా వేలికి తీసుకుని రాస్తున్నానని రాశారు. "నూటికి నూరు శాతం స్వచ్ఛం" అని సీసా మీద ఉంది కదా, ఏం కాదులే అన్నారట వదినగారు. స్వచ్ఛమైనది కాబట్టే నేరుగా రాయకూడదు. అంత గాఢమైన నూనె చర్మాన్ని మండిస్తుంది, కొందరికి ఎలర్జీ తెస్తుంది, ఒకసారి పట్టుకున్న ఎలర్జీ తర్వాత వదలదు. 10 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలోనో, నువ్వుల నూనెలోనో నాలుగైదు చుక్కలు కలిపితే సుమారు 2 శాతం అవుతుంది. ఇంట్లో మొదలుపెట్టడానికి అది చాలు. జర్మనీ వాళ్లు వాడిన 10 శాతం కంటే ఇది పల్చన కాబట్టి అంత ఫలితం రాకపోవచ్చు. అలాగని ఇంట్లో చుక్కలు లెక్కపెట్టి 10 శాతం చేసుకోమని నేను చెప్పను. ముందు మోచేతి మడత లోపల కొద్దిగా రాసి ఒక రోజు ఆగి చూడండి. ఎర్రబడకపోతే, దద్దురు రాకపోతే, నుదుటి పైభాగంలో జుట్టు మొదలయ్యే చోట, కణతల్లో కంటికి దూరంగా పల్చగా రాయండి. కనుబొమల దాకా తేవద్దు, చెమట పడితే కిందికి జారుతుంది. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇది అందరూ మరిచిపోయే పని. అరగంట తర్వాత ఏదో ఆలోచిస్తూ కన్ను నలుపుకున్నప్పుడు గుర్తొస్తుంది.

మీరు లావెండర్ గురించి "అందరికీ మంచిదంటారు, నాకే ఎందుకు పడలేదు" అని అడిగారు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో చాలామందికి నొప్పి సమయంలో వాసనలు భరించలేనంతగా అనిపిస్తాయి. అది మామూలప్పుడు ఇష్టపడే వాసనైనా సరే. అసలు వాసన పడకపోవడమన్నది టెన్షన్ తలనొప్పి నుంచి మైగ్రేన్‌ను వేరు చేయడానికి డాక్టర్లకు పనికొచ్చే గుర్తు. కొందరికి సెంటు వాసనే మైగ్రేన్‌ను మొదలుపెడుతుంది. ఇరాన్‌లో మైగ్రేన్ ఉన్న 47 మందితో చేసి, 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పావుగంట లావెండర్ పీల్చినవాళ్లకు 129 సార్లు వచ్చిన నొప్పిలో 92 సార్లు ఎంతో కొంత ఉపశమనం కలిగిందన్నారు. కాబట్టి వదినగారి మాట పూర్తిగా అబద్ధం కాదు, కొందరికి పని చేస్తుండొచ్చు. కానీ మీ ఒళ్లు వాంతి రూపంలో జవాబు చెప్పేసింది. పది మందికి పడిందని పదకొండోవారికి పడాలని లేదు. మైగ్రేన్ రోజున మీ గదిలో ఏ వాసనా లేకపోవడమే మేలు. నుదుటి మీద చల్లటి గుడ్డ వేసుకోండి, దానికి వాసన ఉండదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. మీరు మైగ్రేన్ వచ్చినప్పుడు కూడా "ముందు నూనె రాసి ఓ రెండు గంటలు చూస్తాను, తగ్గకపోతే మాత్ర" అని రాశారు. టెన్షన్ తలనొప్పికి అలా ఆగినా నష్టం లేదు. మైగ్రేన్‌కు ఆ రెండు గంటలు ఖరీదైనవి. మైగ్రేన్ ముదిరేకొద్దీ కడుపు కదలిక మందగిస్తుంది, వేసుకున్న మాత్ర త్వరగా ఒంటికి పట్టదు, పైగా వాంతిలో పోతుంది. డాక్టర్ మైగ్రేన్‌కని ఇచ్చిన మందును నొప్పి మొదలైన కాసేపట్లోనే వేసుకుంటే పని చేసే అవకాశం ఎక్కువ. మాత్ర తప్పించుకుందామని నూనెతో ఆగి, చివరికి ఒకటికి రెండు మాత్రలు వేసుకోవాల్సి వస్తుంది. మీ ఉత్తరంలో రెండు చోట్ల అదే జరిగింది, మళ్లీ చదువుకోండి.

తాగడం గురించి. ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు రెండు దారులు చూపించను: తాగొద్దు. నూనె నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. కాబట్టి మీరు తాగేది పల్చటి నీళ్లు కాదు, పెదవికి, గొంతుకు నేరుగా తగిలే గాఢమైన చుక్క. పేగులకు సంబంధించిన ఇబ్బందులకు పెప్పర్‌మింట్ నూనెను ప్రత్యేకమైన పూత ఉన్న క్యాప్సూల్స్‌లో ఇస్తారు, నిజమే. పూత వేసేది ఎందుకంటే కడుపులో తెరుచుకోకుండా పేగుల్లో తెరుచుకోవాలని. తలనొప్పికి తాగితే తగ్గుతుందనడానికి ఆధారం లేదు, ఛాతీలో మంట మాత్రం రావచ్చు. అందులోనూ ఈరోజు పెప్పర్‌మింట్ తాగడం అలవాటైతే రేపు పక్క సీసా మీదికి చేయి పోతుంది. యూకలిప్టస్ నూనె కొద్ది మిల్లీలీటర్లు మింగినా పిల్లలకు మగత, ఫిట్స్ రావచ్చు. మీ రోల్-ఆన్ మీద వింటర్‌గ్రీన్ అని ఉందేమో చూడండి. తలనొప్పి, కీళ్లనొప్పి మిశ్రమాల్లో తరచూ కలుపుతారు. వింటర్‌గ్రీన్ నూనె దాదాపు అంతా మిథైల్ శాలిసిలేట్, అంటే ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఒక చిన్న చెంచాడు, 5 మిల్లీలీటర్లు మింగితే, సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్ మింగినంత. 325 మిల్లీగ్రాముల మాత్రల లెక్కన ఇరవైకి పైనే. "మాత్రలు విషం" అనే వదినగారికి ఈ లెక్క ఒకసారి చూపించొచ్చు, దెప్పడానికి కాదు, ఆవిడ కూడా ఇతరులకు ఇస్తున్నారు కాబట్టి. ఇంట్లో రక్తం పల్చబడే మందులు వాడే పెద్దవాళ్లు ఉంటే ఆ రోల్-ఆన్ వాళ్లకు రాయనే రాయొద్దు.

బాబు విషయంలో మీ అనుమానాన్ని నేను నమ్ముతాను. తలుపులు వేసిన గదిలో రాత్రంతా డిఫ్యూజర్ తిరిగితే, సున్నితమైన ఊపిరితిత్తులు ఉన్న పిల్లలకు దగ్గు, పిల్లికూతలు పెరగడం వింతేమీ కాదు. తేల్చుకోవడం కూడా సులువే. ఆపేయండి, రెండు మూడు వారాలు దగ్గు ఎలా ఉందో చూడండి, పిల్లల డాక్టర్‌కు ఈ సంగతి చెప్పండి. తగ్గినా తగ్గకపోయినా మళ్లీ పెట్టమని మాత్రం నేను అనను. ఎందుకంటే దానివల్ల మీకూ లాభం లేదని తేలిపోయింది కదా. జలుబు చేసిందని బాబు ముక్కు దగ్గర, ఛాతీకి ఈ నూనెలు రాయడం కూడా వద్దు. మెంథాల్, కర్పూరం, యూకలిప్టస్ చిన్నపిల్లలకు ఊపిరి ఇబ్బంది తేవొచ్చు, పసివాళ్లకైతే ఊపిరే బిగబట్టేయొచ్చు. సీసాలు టీవీ పక్కన ఉంటున్నాయని రాశారు. అవి తాళం వేసే చోట, బాబుకు అందనంత ఎత్తులో ఉండాలి. మంచి వాసన, చిన్న సీసా, పిల్లలు నోట్లో పెట్టుకోవడానికి ఇంకేం కావాలి? పొరపాటున మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు ఆ చివరి వాక్యం.

రోజు విడిచి రోజు అంటే నెలకు పదిహేను రోజులు. తలనొప్పి మందులకు ఒక విచిత్రమైన గుణం ఉంది. తలనొప్పులు వచ్చే స్వభావం ఉన్నవాళ్లు వాటిని మరీ తరచుగా వాడితే, ఆ మందులే కొత్త తలనొప్పిని తెచ్చిపెడతాయి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి విడిగా అయితే నెలకు 15 రోజులు, కెఫీన్ లాంటివి కలిపిన మిశ్రమ మాత్రలైతే 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి సాగితే, నెలలో సగం రోజులు తలనొప్పి ఉంటుంటే దాన్ని అతిగా మందు వాడటం వల్ల వచ్చే తలనొప్పిగా అనుమానిస్తారు. మీది కెఫీన్ కలిసిన మాత్ర. అంటే మీరు ఎప్పుడో గీత దాటేశారు. రెండేళ్ల కిందట వారానికోసారి ఉన్నది ఇప్పుడు దాదాపు రోజూ ఎందుకొస్తోందని అడిగారు చూడండి, జవాబు మీ ఆఫీసు డ్రాయర్‌లోని ఆ మాత్రల షీట్‌లో ఉండొచ్చు.

విచిత్రమేమిటంటే దీంతో వదినగారి మాటలో కొంత నిజం బయటపడింది, మీ ఆయన మాటలో కొంత తప్పు బయటపడింది. మాత్ర విషం కాదు. కానీ "ఓ మాత్ర వేసుకుంటే పోయేదానికి" అన్న ధీమానే సమస్యను ఇక్కడిదాకా తెచ్చింది.

మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఇప్పటిలాగే మాత్ర, నూనె రెండూ నడిపించడం మొదటిది. ఇబ్బంది లేని దారి అనిపిస్తుంది గానీ, మాత్రల లెక్క ఇంకా పెరిగే అవకాశమే ఎక్కువ. తలనొప్పి అలాగే ఉంటుంది, నూనెలు పని చేయలేదనో, మాత్రలు పని చేయలేదనో ఇంట్లో గొడవ కొనసాగుతుంది.

రెండోది, పట్టుదలగా రేపటి నుంచి మాత్ర మానేసి నూనెలతోనే నెట్టుకురావడం. వదినగారు దీన్ని మెచ్చుకుంటారు. చాలామంది ఇలా మొదలుపెట్టి నాలుగో రోజుకి ఓడిపోతారు. ఎందుకంటే మానేసిన మొదటి కొద్ది రోజులు, ఒక్కోసారి వారం పది రోజుల దాకా, తలనొప్పి తగ్గకపోగా పెరుగుతుంది. కెఫీన్ ఆగినందుకు కూడా తల పట్టేస్తుంది. వికారం, నిద్ర లేకపోవడం, చిరాకు తోడవుతాయి. ఇది ముందే తెలియకపోతే "మాత్ర లేకుండా నేను బతకలేను" అనుకుని రెట్టింపు వేసుకుంటారు.

మూడోది, డాక్టర్‌తో మాట్లాడి ఒక పద్ధతి ప్రకారం మానడం. మీ మాత్ర ఏది, ఎంత వాడారు అన్నదాన్ని బట్టి ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది ఆయన చెబుతారు. మైగ్రేన్ రోజుకు విడిగా ఒక మందు ఇస్తారు, దానికీ నెలకు ఇన్ని రోజులని హద్దు పెడతారు. అవసరమనుకుంటే మైగ్రేన్ తరచుగా రాకుండా రోజూ వేసుకునే మందు మొదలుపెడతారు. అవి ఫలితం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారంలోనే పని చేయలేదని ఆపేయకండి. రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నామని ఒక చోట రాశారు, ఆ మాట డాక్టర్‌తో తప్పక చెప్పండి. మైగ్రేన్ రాకుండా ఇచ్చే మందుల్లో టోపిరమేట్, వాల్‌ప్రోయేట్ లాంటివి కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి, వేరేవి చూడాల్సి ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారో లేదో మీరు రాయలేదు. ఈస్ట్రోజన్ ఉన్నవి వాడుతుంటే, కళ్ల ముందు గీతలు కనిపిస్తున్నాయని డాక్టర్‌కు వెంటనే చెప్పాలి. ఆరాతో వచ్చే మైగ్రేన్, ఈస్ట్రోజన్ మాత్రలు కలిస్తే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. నూనెల గొడవలో పడి ఈ సంగతి ఎవరూ మిమ్మల్ని అడిగి ఉండరు.

నా మొగ్గు మూడో దారి వైపే అని దాచను. అందులో పెప్పర్‌మింట్‌కు మంచి చోటే ఉంది. మాత్ర మానేసిన మొదటి రోజుల్లో సాయంత్రం తల పట్టేసినప్పుడు, డ్రాయర్ తెరవకుండా చేతికి చేయడానికి ఒక పని కావాలి. లేచి మెడ తిప్పి, నాలుగడుగులు వేసి, కాస్త నూనె రాసుకుని పావుగంట కళ్లు మూసుకోవడం అలాంటి పని. డాక్టర్ దగ్గరకు వెళ్లేలోపు ఒక చిన్న పుస్తకంలో తేదీ, ఏ రకం నొప్పి, ఎన్ని గంటలు, మాత్ర వేసుకున్నారా, నూనె రాశారా అని రాసుకోండి. ఒక్కో రోజుకు ఒక్క లైను చాలు.

వదినగారి సంగతి. ఆవిడ మీ బాధ చూసి తెచ్చిచ్చారు, అమ్మకం కోసమే అనుకోవడం అన్యాయం. అలాగని అమ్మేవారికి తాము అమ్మే వస్తువు మీద నమ్మకం కాస్త ఎక్కువే ఉంటుందన్నదీ నిజం. మీ ఆయన చేత చెప్పిస్తే ఎలా ఉంటుందని అడిగారు. వద్దనే అంటాను. అక్కాతమ్ముళ్ల మధ్య ఇది నూనెల గొడవగా ఆగదు, "నా వ్యాపారాన్ని కించపరిచావు" దాకా పోతుంది, చివరికి మాట పడేది మీరే. ఏమీ చెప్పకుండా సీసాలు తీసుకుని అటకెక్కించడం ఇంకో పద్ధతి. శాంతిగానే ఉంటుంది, కానీ వచ్చే నెల ఇంకో నాలుగు సీసాలు వస్తాయి. ఆవిడ మీ ఇంటికి వచ్చినప్పుడల్లా "డిఫ్యూజర్ ఏదీ?" అని అడుగుతారు, మీరు రోజుకో కారణం వెతుక్కోవాలి.

మీరే చెప్పండి, పని చేసినదానితో మొదలుపెట్టి. "వదినా, మీరిచ్చిన పెప్పర్‌మింట్ నాకు బాగా ఉపయోగపడుతోంది, సాయంత్రం అదే రాసుకుంటున్నాను. తలకు ఒకవైపు నొప్పి వచ్చినప్పుడు మాత్రం ఏ వాసనా పడట్లేదు, అందుకని డిఫ్యూజర్ తీసేశాను. బాబుకీ దగ్గుగా ఉంది. ఇంకేమీ తేకండి, కావాలంటే నేనే అడుగుతాను." ఇంత చాలు. ఎక్కువ వివరిస్తే వాదనకు దారి ఇచ్చినట్టే. "మూడు నెలలు వాడితే గానీ తెలియదు" అని ఆవిడ అనొచ్చు. అప్పుడు కూడా బాబు దగ్గును అడ్డం పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, అది నిజమే కాబట్టి. కాస్త చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకుంటారు, దానికి సిద్ధపడండి. తాగే విషయం మాత్రం ఇంకో రోజు, ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు, వింటర్‌గ్రీన్ లెక్కతో సహా చెప్పండి. నలుగురిలో చెబితే వినరు.

మీ ఆయనతో చేయాల్సిన పని వేరు. ఆయన్ని నూనెల మీద తీర్పు చెప్పమనకండి. మాత్ర మానే ఆ మొదటి పది రోజులు బాబును సాయంత్రాలు చూసుకోమని, డాక్టర్ దగ్గరకు తోడు రమ్మని అడగండి. వ్యాపారం అని విసుక్కునే మనిషికి చేయడానికి ఒక పని ఇస్తే విసుగు తగ్గుతుంది.

అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి, ఇద్దరూ తెలుసుకుని ఉండండి. ఎన్నడూ లేనంత తీవ్రమైన నొప్పి ఒక్కసారిగా, నిమిషం లోపే విరుచుకుపడటం. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం. మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒక చేయో కాలో చచ్చుబడటం. తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి. ఎప్పుడూ వచ్చే గీతలు గంట దాటినా పోకపోవడం, లేదా చూపే మసకబారడం. వీటిలో ఏది కనిపించినా ఏ నూనె సీసా మూతా తీయకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. అలాంటివేవీ లేకపోతే ఈ వారంలోనే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి, వెళ్లేటప్పుడు ఆ మాత్రల షీటూ, రోల్-ఆన్ సీసా కూడా సంచిలో వేసుకోండి. ఏం వాడుతున్నారని ఆయన అడిగినప్పుడు జ్ఞాపకం మీద చెప్పేదానికంటే లేబుల్ చూపించడం నయం.